ఓట్ల నాడు నానిన వడ్లు

మిర్యాలగూడ మిల్లుల్లో కొత్తగా పనికి కుదిరిన పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తుంటారు. రిటైరై సూర్యాపేటలో ఇంటిపట్టున ఉంటున్నానని తెలిసి, పెద్దాయనకు పొద్దు పోవాలి కదా అని కాబోలు, ఏవో సందేహాలు అడుగుతారు. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఎంతసేపు నానాలి, నీళ్ళు ఎంత వేడి ఉండాలి, గింజ పగిలితే తప్పు ఆవిరిదా, ఆరబెట్టడంలో జరిగిందా అని. తెలిసినంత చెప్తాను. చివర్లో మాత్రం ఒక మాట కలుపుతాను. ట్యాంకులోకి వడ్లు దింపే ముందు రేపు ఏం రోజో, పనివాళ్ళకు రేపు ఏం పనుందో కనుక్కోండి బాబూ అంటాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ముసలాయన చాదస్తం అనుకుంటారు. ఆ చాదస్తం నాకు ఎక్కడ పట్టుకుందో ఇవాళ రాసి పెడుతున్నాను. చదివాక కూడా నవ్వొస్తే నవ్వుకోండి.

మాది చివ్వెంల దగ్గరి పల్లె. పొలం మీద కడుపు నిండక కుర్రతనంలోనే మిర్యాలగూడ వచ్చి మిల్లులో చేరాను. బస్తాలు మోయడం దగ్గర మొదలై, మిల్లు మొత్తం నడిపే ఆపరేటర్‌ని అయ్యేసరికి తల నెరిసింది. ఇక మానేద్దామనుకుంటున్న రోజుల్లో మా సేటు పిలిపించాడు. ఆఫ్రికాలో ఎవరితోనో భాగం కలిసి మిల్లు పెట్టానని, నేను వెళ్ళి నిలబెట్టి రావాలని అన్నాడు. "నీకంటె తెలిసినోడు ఎవడున్నడు" అన్నాడు. పొగిడితే పడిపోనివాడు ఎవడు? పడమటి ఆఫ్రికాలో ఒక దేశం అది. పేరు రాయను. నాతో పనిచేసినవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు, అక్కడ రోజులు బాగాలేవు.

బాయిలర్ చూడడానికి నాతోపాటు ఇంకొకడిని పంపాడు సేటు. కోదాడ పక్కన చిలుకూరు వాడు, నాకంటే కాస్త చిన్న. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. విమానంలో పక్కసీట్లో కూర్చుని "బావా, బెల్టు ఎట్టా పెట్టుకోవాలా" అన్నాడు. నాకూ తెలియదు. "నన్నడుగుతవేంది బావా" అన్నాను. అక్కడితో ఆ వరస ఖాయమైపోయింది. కోదాడ వాళ్ళ మాట అటు ఆంధ్రాదీ కాదు, ఇటు మాదీ కాదు. నేను "అయితది" అంటే వాడు "అయిద్ది" అనేవాడు. మీరు ఒక గట్టున నిలబడరు అని నేను, మీకు నోరు తిరగదు అని వాడు. దేశం కాని దేశంలో మా ఇద్దరికీ అదే కాలక్షేపం.

మేము దిగేనాటికి అక్కడ విప్లవం జరిగి కొన్ని నెలలే అయింది. ఒక తరం పాటు కుర్చీ దిగని అధ్యక్షుడిని జనం వీధుల్లోకొచ్చి దించేశారు. ఆయన విమానమెక్కి పక్క దేశానికి పారిపోయాడు. ఇప్పుడు మొట్టమొదటిసారిగా జనమే అధ్యక్షుడిని ఎన్నుకోబోతున్నారు. అంతకుముందు ఓట్లు లేవా అంటే ఉండేవట. పెట్టెలో ఎవరికి వేసినా బయటికి మాత్రం ఆయనే వచ్చేవాడట. ఆ సంగతి చెప్పి మిల్లు వాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. పోయిన బాధ కాబట్టి నవ్వగలిగేవాళ్ళు.

మా మిల్లు నది ఒడ్డున ఒక చిన్న పట్నంలో ఉండేది. బస్తాలు మోసే మగవాళ్ళు, కళ్ళం మీద వడ్లు తిరగేసే ఆడవాళ్ళు, అంతా అక్కడివాళ్ళే. ఆడవాళ్ళకు ఒక పెద్దదిక్కు ఉండేది. గట్టి మనిషి. ఆమె ఒక్క కేక వేస్తే మగ హమాలీలు కూడా సిగరెట్లు పారేసేవాళ్ళు. మేమిద్దరం ఆమెను అక్కా అని పిలిచేవాళ్ళం. ఆ మాటకు అర్థం చెప్పాక ఆమెకు ఎంత నచ్చిందంటే, మిల్లులో అందరితోనూ అట్లాగే పిలిపించుకుంది. మేము మాట్లాడుకునే భాష విరిగిన ఫ్రెంచి కొంత, వాళ్ళ భాష కొంత, మిగతాది చేతులు. కానీ ఆమె మాట నా చెవికి మా చివ్వెంల ఆడవాళ్ళ మాటలాగే వినపడేది. కాబట్టి అట్లాగే రాస్తున్నాను.

ఎన్నికలు దగ్గరపడే కొద్దీ మధ్యాహ్నం టీ తాగేటప్పుడు అందరూ మా చుట్టూ చేరేవాళ్ళు. ఓట్లున్న దేశం నుంచి వచ్చినవాళ్ళం కదా, మేము వాళ్ళకు పండితుల్లా కనపడేవాళ్ళం.

"నువ్వు ఎన్నిసార్లు ఏసినవ్ ఓటు?" అని ఒకరోజు అక్క అడిగింది.

"లెక్క యాడుంటది అక్కా. ఎప్పుడొస్తే అప్పుడు ఏస్తనే ఉంటం."

"ఏసినప్పుడు ఎట్లనిపిస్తది?"

ఎండలో నిలబడ్డ లైను గుర్తొచ్చింది. లైనులో ముందుకు దూరినవాడితో పడ్డ తగాదా గుర్తొచ్చింది. ముందురోజు గడపగడపకూ పంచిన బిర్యానీ పొట్లాలు గుర్తొచ్చాయి. ఎవడొస్తే మనకేంది అని నేనే ఎన్నిసార్లు అన్నానో అదీ గుర్తొచ్చింది. అవేవీ ఆమెకు చెప్పబుద్ధి కాలేదు. నా అవస్థ చూసి బావ అందుకున్నాడు.

"మా ఊళ్ళో ఓట్లనాడు పెళ్ళిలాగుంటది అక్కా. ముసలోళ్ళను కూడా ఆటోలెక్కిచ్చుకొని తీసుకపోతరు."

"మరి ఓడిపోయినోడు ఏడికి పోతడు?"

"ఇంటికి పోతడు" అన్నాను.

"ఎవరింటికి?"

"ఆయనింటికే."

"ఎవరూ కాల్చరా?"

"ఎందుకు కాలుస్తరు? మళ్ళ ఐదేండ్లకు దండం పెట్టుకుంట మీ ఇంటికే వస్తడు."

ఆమె ఆ మాట తన వాళ్ళందరికీ వాళ్ళ భాషలో చెప్పింది. నవ్వులే నవ్వులు. పిచ్చి కథలు చెప్తున్నాననుకున్నారు. ఒక ముసలి హమాలీ మాత్రం అందరూ వెళ్ళాక మెల్లగా నా దగ్గరికొచ్చి, నిజంగా ఇంటికే పోతాడా అని మళ్ళీ అడిగి పోయాడు. మనకు లెక్కే లేని మాట, మనం ఉమ్మేసినట్టు వాడే మాట, ఇంకొకరికి ఎంత దూరంగా ఉంటుందో ఆ రోజు కొంచెం తెలిసింది. పూర్తిగా తెలియడానికి ఇంకా టైముంది.

అక్క తమ్ముడు విప్లవంలో చనిపోయాడు. రాజధానిలో మేస్త్రీ పని చేసేవాడట. జనంతోపాటు చౌరస్తాలో నిలబడితే తూటా తగిలింది. ఆ సంగతి ఆమె ఏడుస్తూ చెప్పలేదు. వడ్లు తిరగేస్తూ, పారను ఆపకుండా చెప్పింది. "గీ ఓటు నాది గాదు. ఆనిది. ఆడు తెచ్చిండు, నేను ఏసొస్త" అంది.

ఇప్పుడు నేను పప్పులో కాలేసిన సంగతికి వస్తాను. ఈ తప్పు మిర్యాలగూడ మిల్లు మనిషి తప్ప ఇంకొకడు చేయడు. మా మిల్లుల్లో హమాలీలు ఎక్కువమంది బీహార్ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ ఓట్లు వాళ్ళ ఊళ్ళలో ఉంటాయి. వాళ్ళ ఊళ్ళలో ఎన్నికలప్పుడు ఇక్కడ సీజను. ఇక్కడ ఎన్నికలప్పుడు వాళ్ళకు ఓటు లేదు. అందుకని పోలింగ్ రోజు మా మిల్లులు ఆగింది నేనెప్పుడూ చూడలేదు. సేటు, గుమస్తా, నేను పొద్దున్నే వెళ్ళి వేలికి చుక్క పెట్టించుకుని వచ్చేవాళ్ళం. లోపల బస్తాలు మోసేవాళ్ళు మోస్తూనే ఉండేవాళ్ళు. బస్తా మోసే మనిషికి ఓటుంటుందన్న ఆలోచనే నా బుర్రలో ఎప్పుడూ పుట్టలేదు. రోజూ టీ తాగుతూ వాళ్ళతో ఓట్ల గురించే మాట్లాడినవాడిని, వాళ్ళు ఓటు వేయడానికి పోవాల్సి వస్తుందని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. మహా అయితే ఎదురుగా పోలింగ్ పెట్టిన బడికి ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి టీ చల్లారేలోపు వచ్చేస్తారులే అనుకున్నాను.

సేటు మిర్యాలగూడ నుంచి ఫోన్ చేశాడు. ఫలితాలొచ్చాక గొడవలైతే సరిహద్దు మూస్తారు, ఆలోపు బియ్యం లారీలు దాటాలి, ట్యాంకులన్నీ నింపెయ్ అన్నాడు. "ఓట్లు వాళ్ళవి, మనకెందుకు" అన్నాడు. అది ఆయన తప్పని నేననను. వ్యాపారస్తుడు వ్యాపారం మాట్లాడాడు. అక్కడ ఉన్నది నేను. ఎన్నిక రేపనగా పొద్దున్నే ట్యాంకులన్నీ వడ్లతో నింపించి వేడినీళ్ళు వదిలాను.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్తాను. ఒకసారి వేడినీళ్ళలో పడ్డ వడ్లు మన కోసం ఆగవు. టైముకు తీసి ఆవిరి పట్టాలి. వెంటనే డ్రైయర్‌కు ఎక్కించి ఆరబెట్టాలి. ఆలస్యమైతే వాసన పట్టి, బియ్యం నల్లబడి, పశువులు కూడా మూతి తిప్పుకుంటాయి.

ఆ మధ్యాహ్నమే అక్క, ఆమె వెనకాల మిగతావాళ్ళంతా మూటలు సర్దుకుని నా దగ్గరికి వచ్చారు. ఉతికిన బట్టలు కట్టుకున్నారు. బయట ఒక లారీ వచ్చి ఆగింది.

"పోయొస్తం. రేపు పొద్దుగూకే వరకు వస్తం" అంది అక్క.

"యాడికి? బడి ఈడనే ఉంది గద."

"మా పేర్లు ఈడ లెవ్వు. పుట్టిన ఊర్ల ఉన్నయ్. నది దాటి పోవాలె."

నేను ట్యాంకుల వైపు చూశాను. ఆమె కూడా చూసింది. ట్యాంకుల మీద వేడి ఆవిరి లేస్తోంది. ఇంక నేను చెప్పాల్సిన పని లేకపోయింది. మిల్లు పని నాకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. ఆమె కోప్పడలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. వెనక్కి తిరిగి తన వాళ్ళతో ఏదో చెప్పింది. "వడ్లు ఆగయి గద" అని నాతో అంది. మూట నేల మీద పెట్టి, మంచి బట్ట మీద పాత బట్ట చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ మూటలు దించారు. వాళ్ళు తిట్టి ఉంటే నేనూ తిట్టేవాడిని, సేటు పేరు చెప్పేవాడిని. తిట్టకపోయేసరికి ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

బాయిలర్ దగ్గర నుంచి బావ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. సంగతి తెలుసుకుని కాసేపు ట్యాంకుల చుట్టూ తిరిగాడు.

"పోనీ బావా వాళ్ళను. మనిద్దరం చూసుకుందాం."

"ఇద్దరితోని యాడయితది?"

"మిల్లింగు ఆపేద్దాం. నానిందాన్ని ఉడికిచ్చి డ్రైయర్‌కెక్కిచ్చటమేగా. నువ్వు ట్యాంకుల కాడ, నేను బాయిలర్ కాడ. మీ నోటితో అయితదో లేదో నాకు తెలవదు గానీ, మా నోటితో అయిద్ది."

నేను సేటుకు ఫోన్ చేయలేదు. చేస్తే వద్దంటాడని తెలుసు. బావ రెండు చేతులూ పట్టుకుని అక్క తన నుదుటికి తాకించుకుంది. ఆ చేతులు ఊక మసితో ఉన్నాయి, ఆమె నుదుటి మీద మసి అంటింది. తుడుచుకోకుండానే లారీ ఎక్కింది.

ఇక పోలింగ్ రోజు. తెల్లవారకముందే మొదలుపెట్టాం. ఒక్కో ట్యాంకు నీళ్ళు వదలడం, వడ్లు కిందికి దింపడం, ఆవిరి పట్టడం, డ్రైయర్‌లోకి ఎత్తడం. చేతికింద ఇరవై మంది ఉన్నప్పుడు కుర్చీలో కూర్చుని చేయించే పని ఒంటి మీదికి వస్తే ఎట్లా ఉంటుందో ఆ వయసులో తెలుసుకున్నాను. మధ్యాహ్నం చల్లటి అన్నంలో బావ ఇంటి నుంచి తెచ్చుకున్న మామిడికాయ పచ్చడి కలుపుకుని నిలబడే తిన్నాం. రోడ్డుకు అటుపక్క బడి దగ్గర జనం ఎండలో బారులు తీరి ఉన్నారు. ఎవరూ తోసుకోవడం లేదు.

"చూడు బావా, ఆ ముసలామె పొద్దుట్నించి నిలబడే ఉంది" అన్నాడు బావ. "మనకు ఓటు ఎవురో తెచ్చి చేతుల పెట్టిన్రు. అందుకే మనకు చులకన."

"నీకు పూనకమొచ్చినట్టుంది. ఊక చూసుకో" అన్నాను. ఆ మాట కూడా అనకుండా ఉండాల్సింది అని ఇప్పుడనిపిస్తుంది. వాడు నవ్వాడు.

మా బాయిలర్ ఊకతో మండేది. ఊకను పొయ్యిలోకి నెట్టడానికి ఒక గొట్టంలో తిరిగే స్క్రూ ఉంటుంది. చెమ్మ తగిలి ఊక గడ్డకడితే స్క్రూ మూతి దగ్గర ఇరుక్కుంటుంది. పొయ్యి చల్లబడకముందే తీయాలి. దానికి మిర్యాలగూడలో మా అందరికీ ఒక పద్ధతి ఉంది. ఒకడు మూతి దగ్గర, ఒకడు స్విచ్చి దగ్గర. మూతి దగ్గరివాడు "ఆపు" అంటాడు. స్విచ్చి దగ్గరివాడు ఆపుతాడు. ఇతను చెయ్యి పెట్టి గడ్డ లాగేసి "పెట్టు" అంటాడు. అంతే. ఆపు అన్న మాటకూ చెయ్యి లోపలికి పోవడానికీ మధ్య తిరిగి చూసుకోవడం ఉండదు. అవతలివాడు ఉంటాడని నమ్మకం. కర్రతో పొడవాలి, మర ఆగిందని కంటితో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి అని పుస్తకాల్లో ఉంటుంది. మేము పుస్తకాలు చదివి మిల్లు నేర్చుకోలేదు. ఆ రోజు స్విచ్చి దగ్గర ఉండే హమాలీ నది అవతల లైనులో ఉన్నాడు. కాబట్టి బావ కేకేసినప్పుడల్లా నేను ట్యాంకుల దగ్గర నుంచి వచ్చి స్విచ్చి దగ్గర నిలబడుతున్నాను. పొద్దున్నుంచీ అట్లాగే గడిచింది.

పొద్దు వాలేసరికి ఒక్క ట్యాంకు మిగిలింది. మేము గెలిచినట్టే. అప్పుడు దూరంగా లారీ హారన్ వినిపించింది. దాని వెనకాలే పాట. అందరూ ఒకే గొంతుతో పాడుకుంటూ వస్తున్నారు. నేను బావ వైపు చూశాను. వాడి మొహమంతా మసి, పళ్ళు మాత్రం తెల్లగా కనపడుతున్నాయి.

"పో బావా, చూసిరా. ఎట్టా వేసిన్రో కనుక్కో. నేనున్నాగా" అన్నాడు.

వెళ్ళాను. గేటు దగ్గర లారీ ఆగకముందే అక్క దూకింది. వేలు నా మొహం ముందు పెట్టింది. గోరు మొదలుకుని కణుపు దాకా నల్లగా సిరా. "ఏసిన" అంది. అంతే అంది. వెనకాల అందరూ వేళ్ళు పైకెత్తారు. ముసలి హమాలీ నా చెయ్యి పట్టుకుని, తన వేలును నా వేలికి రుద్ది, నాకు సిరా అంటుతుందేమోనని చూశాడు. అంటలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నా ఉద్యోగంలో అంత సంతోషంగా నేనెప్పుడూ నిలబడలేదు, అది నిజం.

"ఆపు" అన్న కేక నాకు వినపడిందో లేదో ఇప్పటికీ చెప్పలేను. వినపడి పాటలో కలిసిపోయిందా, వినపడలేదా అని ఎన్నోసార్లు గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రెండో కేక మాత్రం అందరికీ వినపడింది.

నన్ను పంపింది వాడే. స్విచ్చి దగ్గర ఎవరూ లేరని వాడికి తెలుసు. కానీ ఆపు అని అరిచాక లోపలికి పోవడం ఆ చేతికి ఏళ్ళ తరబడి అలవాటు. చేతికి ఆ రోజు ఏం రోజో తెలియదు.

స్విచ్చి ఆపింది నేనే, పరుగెత్తుకొచ్చి. చెయ్యి బయటికి తీసింది అక్క, ఆ ముసలి హమాలీ. అక్క తల మీది కొత్త గుడ్డ విప్పి గట్టిగా చుట్టింది. వచ్చిన లారీలోనే దవాఖానకు తీసుకుపోయాం. బావ తల నా ఒళ్ళో ఉంది. దారిలో ఒకసారి కళ్ళు తెరిచి "అందరూ వేసిన్రా?" అని అడిగాడు. "అందరు ఏసిన్రు" అన్నాను. కుడిచేతికి బొటనవేలు తప్ప ఏమీ మిగలలేదు.

చివరి ట్యాంకులోని వడ్లు అట్లాగే ఉండిపోయి కుళ్ళాయి. డ్రైయర్‌లో ఉన్నవి చూసేవాళ్ళు లేక మాడాయి. సేటుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. తిడతాడని ఫోన్ చెవికి దూరంగా పెట్టుకున్నాను. "మనిషి బతికిండు గద" అన్నాడు ఆయన. వైద్యానికి లోటు చేయలేదు. కానీ ఆ తర్వాత నాతో మునుపటిలా పరాచికాలు ఆడలేదు. సరిహద్దు ఒక్కరోజు కూడా మూతపడలేదు, గొడవలూ కాలేదు.

ఫలితాలు వచ్చాయి. అక్క ఓటు వేసిన మనిషి ఓడిపోయాడు. బావను చూడడానికి దవాఖానకు పండ్లు తీసుకుని వచ్చింది. ఓడిపోయినందుకు బాధగా ఉందా అని అడిగాను. ఆమె పండ్లు మంచం పక్కన పెట్టింది.

"మొన్న టీవీల చూసిన. గెలిచినోనికి చెయ్యి కలిపి, కారెక్కి ఇంటికి పోయిండు. నువ్వు చెప్పింది నిజమే" అంది. తర్వాత బావ కట్టు వైపు చూసింది. ఏదో అనబోయి మానేసింది. ఆమె ఏమని ఉండేదో ఊహించుకోగలను. ఊహించుకోవడం నాకిష్టం లేదు.

మేమిద్దరం కలిసే తిరిగొచ్చాం. వచ్చేటప్పుడు బెల్టు నేనే పెట్టాను వాడికి. నేను ఇంకో రెండేళ్ళు మిర్యాలగూడలో చేసి మానేశాను. ఆ రెండేళ్ళలో ఒకసారి బీహార్‌లో ఎన్నికలు వచ్చాయి. హమాలీలను పంపుదాం సేటూ అని అడిగాను. "నీకు ఆఫ్రికా ఇంకా దిగలే" అన్నాడు ఆయన. సీజను నడుస్తోంది, నేను గట్టిగా అడగలేదు. ఆ హమాలీల్లో ఎవరికైనా వెళ్ళాలని ఉందో లేదో, వాళ్ళను కూడా అడగలేదు. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

బావ కోదాడలో ఉంటాడు. భార్య కిరాణా కొట్టు చూసుకుంటుంది, వాడు ముందు కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడతాడు. ఎడమచేత్తో తినడం, తూకం వేయడం, బీడీ ముట్టించడం నేర్చుకున్నాడు. నెలకోసారైనా బస్సెక్కి వెళ్తాను. ఎప్పుడైనా నేను ఆ రోజు సంగతి ఎత్తితే "నిన్ను పొమ్మన్నది నేనేగా" అంటాడు. అది నిజమే కాబట్టి నాకు ఇంకా బరువు. నన్ను నేను తిట్టుకునే దారి కూడా వాడు మూసేశాడు.

ఈ మధ్య ఒక ఉదయం ఫోన్‌లో వార్త చూశాను. ఆ దేశంలో సైనికులు వరసగా కూర్చుని టీవీలో ప్రకటన చదువుతున్నారు. ఎన్నికైన అధ్యక్షుడిని బంధించారట. రాజ్యాంగం పక్కన పెట్టారట. మళ్ళీ ఎన్నికలు ఎప్పుడో చెప్పలేదు. నాకు మొదట గుర్తొచ్చింది ఆ దేశం కాదు, అక్క కూడా కాదు. బొటనవేలు ఒక్కటే ఉన్న చెయ్యి గుర్తొచ్చింది. ఎందుకు పోయిందో ఆ కారణం కూడా పోయింది అనిపించింది. కొన్నాళ్ళకు అక్క ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపింది. "మేం బాగనే ఉన్నం. తమ్ముని చెయ్యి ఎట్లుంది?" అని బావ గురించి అడిగింది. ఓట్ల ఊసు లేదు. ఎందుకు లేదో అర్థమైంది, ఆ మాట ఎవరెవరు వింటారో తెలియదు కదా.

బావకు చెప్పకూడదనుకున్నాను. ఆ నెల కోదాడ వెళ్ళినప్పుడు, టీ తాగుతుండగా వాడే అడిగాడు.

"బావా, అక్కడ మళ్ళీ ఓట్లెప్పుడంట?"

"వచ్చే ఏడు ఉంటయంట" అన్నాను. నోటికి ఏదొస్తే అది.

"అట్టాగా" అన్నాడు. మొహం తేటపడింది.

తర్వాతి నెలా అడిగాడు. పేర్లు రాసుకుంటున్నారట అన్నాను. ఆ తర్వాత ఈసారి అక్క వాళ్ళకు నది దాటే పని లేదట, పట్నంలోనే పెట్టె పెడుతున్నారట అన్నాను. వాడు ఊరుకోడు. కళ్ళం మీదోళ్ళందరికీ పేర్లున్నాయా, ముసలి హమాలీ ఉన్నాడా, ఎంతమంది నిలబడుతున్నారు అని కూపీ లాగుతాడు. నేను అల్లుకుంటూ పోయాను. జీవితమంతా వడ్లు, బియ్యం తప్ప తెలియనివాడిని, ఒక దేశానికి ఎన్నికల సంఘాన్నయ్యాను.

పోయిన నెల వెళ్ళినప్పుడు వాడు కొట్లో ఎవరికో సామాన్లు ఇస్తున్నాడు. వాడి భార్య నాకు నీళ్ళిచ్చి, వెనక్కి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అన్నా, నువ్వు ఇట్టా ప్రతిసారి పరేషానయి చెప్పమాక. ఆయనకు తెలుసు."

"ఏం తెలుసు చెల్లే?"

"అక్కడ మిల్ట్రీ వాళ్ళు తీసుకున్నరని. మొదటి రోజే ఫోన్లో చూసిండు. ఆ రోజు అన్నం ముట్టలా. బావకు తెలిస్తే తట్టుకోలేడు, నువ్వు అనమాక అన్నడు."

వాడు వచ్చి పక్కన కూర్చుని, ఎడమచేత్తో టీ అందుకున్నాడు. అలవాటు ప్రకారం అడిగాడు, అక్కడ ఓట్ల సంగతి ఏమన్నా తెలిసిందా అని.

"నీకు తెలుసంట గద" అన్నాను.

వాడు భార్య వైపు ఒక చూపు చూశాడు. టీ కింద పెట్టాడు.

"మరెందుకడుగుతవ్ బావా?" అన్నాను.

"నువ్వు చెప్తుంటే నిజమే అనిపిస్తది" అన్నాడు. "ఆ కాసేపన్నా."

నేను రోడ్డు మీద పోయే ఆటోల వైపు తిరిగాను. వాడే నా మోకాలు తట్టాడు.

"చెప్పు. నది దాటే పని లేదంటివి. ఇంకేమంటున్నరు అక్క వాళ్ళు?"

నేను చెప్పడం మొదలుపెట్టాను.